నాణెం ఒకటే... నీళ్లే వేరు!

అమెరికా అపార్టుమెంట్లలో చాలాచోట్ల అందరికీ కలిపి ఒకటే లాండ్రీ గది. నాణేలు వెయ్యాలి, మీట నొక్కాలి. వేడినీళ్లు కావాలన్నా చన్నీళ్లు చాలన్నా ధర మారదు. అలాంటప్పుడు చెయ్యి వేడి మీట మీదికి పోవడంలో వింతేముంది? ఇంతకీ ఆ వేడి ఖరీదెంత? కట్టేదెవరు? అసలు బట్టలకది అవసరమా?

శనివారం పొద్దున్న. అమెరికాలో ఏదో ఒక విశ్వవిద్యాలయం పక్కన పాత అపార్టుమెంటు. వారం రోజుల బట్టలు సంచిలో కుక్కి భుజాన వేసుకుని, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో చదువుకోడానికి వెళ్లిన కుర్రాడొకడు మెట్లు దిగి బేస్‌మెంటులోకి వస్తాడు. జేబులో క్వార్టర్లు గలగలమంటుంటాయి. క్వార్టరంటే పావు డాలరు, 25 సెంట్ల నాణెం. బ్యాంకులో పది డాలర్లిస్తే నలభై క్వార్టర్లను కాగితంలో చుట్టి ఇస్తారు. లాండ్రీ గది ఉన్న ఇంట్లో ఆ చుట్ట బంగారంతో సమానం. చిల్లర లేదంటే ఆ వారం మాసిన చొక్కాతోనే క్లాసుకి వెళ్లాలి మరి!

నాణేలు వేశాక మెషీను మీద మూడు మీటలు పలకరిస్తాయి. హాట్, వార్మ్, కోల్డ్. వేడి, గోరువెచ్చన, చల్లన. కుర్రాడు ఒక్క క్షణం చూస్తాడు. మూడింటికీ ఒకటే ధర. 'ఇచ్చే డబ్బులు ఎలాగూ ఇస్తున్నాం, వేడినీళ్లే పడనీ' అనుకుంటాడు. మీట నొక్కేస్తాడు.

ఇదే కుర్రాడు సొంతింట్లో ఎలా పెరిగాడు? స్నానాల గదిలోంచి బయటికి అడుగుపెట్టాడో లేదో, 'గీజర్ ఆపావా?' అని వంటింట్లోంచి కేక వినపడేది. మర్చిపోతే ఆ పూటంతా కరెంటు బిల్లు మీద పాఠం. మరి ఇక్కడికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోయింది? ఎక్కడికీ పోలేదు. ఇక్కడ కేకవేసే వాళ్లు లేరు, బిల్లు కళ్లకి కనపడదు. అంతే తేడా.

సొమ్మొకడిది...

డబ్బులిచ్చి మెషీను వాడుకునే పద్ధతి కొత్తదేం కాదు. 1934లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ పట్నంలో నాలుగు కరెంటు మెషీన్లు పెట్టి, గంటకింత అని అద్దెకిచ్చారు. దానికి 'వాషటీరియా' అని పేరు పెట్టారు. ఆర్థిక మాంద్యం రోజులవి. మెషీను కొనే స్తోమత లేనివాళ్లకి ఆ గంట అద్దె పెద్ద ఊరట. తర్వాత నాణేల మెషీన్లొచ్చాయి. వీధి చివరి దుకాణాల నుంచి అపార్టుమెంట్ల కిందికీ, విద్యార్థి వసతి గృహాల్లోకీ దిగాయి. ఇప్పుడు చాలాచోట్ల నాణేల బదులు కార్డు గీకడం, ఫోన్లో యాప్‌తో కట్టడం వచ్చేశాయి. క్వార్టర్లు మింగే మెషీన్లూ ఇంకా ఉన్నాయి.

ఈ గదిలో లెక్క కాస్త తిరకాసుగా ఉంటుంది. చాలా భవనాల్లో మెషీన్లు ఇంటి యజమానివి కావు. లాండ్రీ కంపెనీ ఒకటి వాటిని తెచ్చి పెడుతుంది, మరమ్మతులు చూసుకుంటుంది, పడిన నాణేల్లో యజమానికి కొంత వాటా ఇస్తుంది. నీళ్లు వేడెక్కించే గ్యాసు బిల్లు, నీటి బిల్లు మాత్రం యజమాని కడతాడు. ఏ నీళ్లు కావాలో తేల్చేది అద్దెకుండేవాడు. అంటే మెషీను ఒకరిది, బిల్లు ఇంకొకరిది, మీట మీద వేలు మరొకరిది! సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అన్నారా?

పోనీ, యజమాని జేబేగా ఖాళీ అయ్యేది అనుకుంటే పొరపాటే. ఏడాది చివర ఆయనా లెక్క చూసుకుంటాడు. గ్యాసు ఖర్చు పెరిగితే అద్దెలోనో, లాండ్రీ ధరలోనో కలుపుతాడు. అప్పుడు వేడినీళ్ల ముఖం చూడనివాడూ ఆ ఖర్చు మోయాల్సిందే.

రాజుగారు ఊరందరినీ తలా చెంబెడు పాలు గంగాళంలో పొయ్యమన్న కథ తెలుగు పిల్లలకి కొత్త కాదు. 'ఇన్ని పాలలో నా చెంబెడు నీళ్లు తెలుస్తాయా' అని ప్రతివాడూ నీళ్లే పోశాడు. తెల్లారి చూస్తే గంగాళం నిండా నీళ్లే! లాండ్రీ గదిలో జరిగేదీ అదే. 'నేనొక్కణ్ని వేడి నొక్కితే ఎంతవుతుందిలే' అని ప్రతివాళ్లూ అనుకుంటారు.

ఎంతవుతుందేమిటి?

లెక్క చూద్దాం. ఇడ్లీలకి వాయి అన్నట్టు బట్టలకి లోడు. పైన మూత ఉండే పాతకాలపు టాప్‌లోడర్ ఒక లోడుకి దాదాపు 150 లీటర్ల నీళ్లు తాగుతుంది. అందులో ఉతకడానికి ఓ 70 లీటర్లు అనుకుందాం. మిగతావి జాడించడానికి. కుళాయి నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయనుకుంటే, వాటిని 49 డిగ్రీలకి తేవాలంటే సుమారు 2.8 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. కాచే చోట, గొట్టాల్లో పోయే వేడి దీనికి అదనం. మరి అదే లోడుకి మోటారు తిరగడానికి అయ్యేదెంత? పావు యూనిట్ అటూఇటూ. అంటే వేడినీళ్ల ఉతుకులో పదింట తొమ్మిది వంతుల ఇంధనం బట్టలు తిప్పడానికి కాదు, నీళ్లు కాచడానికే పోతోందన్నమాట. గోరువెచ్చని మీట నొక్కితే అందులో సగం. చల్లని మీట నొక్కితే సున్నా.

ముందు అద్దం తలుపుండే ఫ్రంట్‌లోడర్‌కి నీళ్లు చాలా తక్కువ పడతాయి. వేడినీళ్లే వాడినా ఖర్చు మూడో వంతుకి దిగుతుంది. ఇలాంటి ఉమ్మడి మెషీన్లకి అమెరికా 2005 నాటి ఇంధన చట్టంతో హద్దులు పెట్టింది. 2007 జనవరి 1 నుంచి తయారయ్యేవన్నీ ఆ నీటి, ఇంధన పరిమితులకి లోబడాల్సిందే. 2013లో ఒకసారి, 2018లో మరోసారి ఆ హద్దుల్ని బిగించారు. కానీ లాండ్రీ గదిలో మెషీను ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. చట్టం మారిన రోజే బేస్‌మెంటులో మెషీను మారిపోదుగా!

ఇప్పుడు ఓ వంద ఇళ్ల భవనాన్ని ఊహించుకోండి. ఇంటికి వారానికి రెండు లోడ్లు. ఏడాదికి 10,400 లోడ్లు. అన్నీ పాత మెషీన్లలో వేడినీళ్లతోనే ఉతికితే 29 వేల యూనిట్లకి సమానమైన వేడి డ్రైనేజీలోకి పోతుంది. నెలకి 200 యూనిట్లు వాడే కుటుంబాలు పన్నెండింటికి అది ఏడాది పొడవునా సరిపోతుంది. 'నేనొక్కణ్నేగా' అనుకుంటూ ఒక్కొక్కరూ నొక్కిన మీటల విలువ అది.

ఉబ్బ నుంచి ఎంజైముల దాకా

వేడినీళ్లయితేనే మురికి వదులుతుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు అది నిజం. మన చాకిరేవుల్లో తెల్లబట్టల్ని చవుడు కలిపిన నీళ్లలో నానబెట్టి, బానల్లో ఉబ్బవేసి, ఆ తర్వాతే బండకేసి బాదేవారు. చవుడులోని క్షారం, ఆవిరి వేడి, బాదే బలం, నానే సమయం... నాలుగూ కలిస్తేనే పంచె మల్లెపువ్వయ్యేది. విచిత్రమేమిటంటే, 1959లో జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయన నిపుణుడు చెప్పిన సూత్రం కూడా సరిగ్గా ఇదే. శుభ్రం చెయ్యడానికి నాలుగు కావాలి: రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. ఆయన పేరుతో 'సిన్నర్ చక్రం' అంటారు దాన్ని.

ఈ నాలుగింటిలో మన కాలంలో బాగా బలపడింది రసాయనమే. 1913లో ఒట్టో రోమ్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలుతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అన్నం అరిగించే ఎంజైములు చొక్కా మీది అన్నం మరకనీ అరిగిస్తాయి కదా అన్నది ఆలోచన. 1960ల నాటికి సూక్ష్మజీవుల నుంచి ఎంజైములు తయారుచెయ్యడం మొదలైంది. ఇప్పటి డిటర్జెంట్లలో ఒక్కో మరకకి ఒక్కో ఎంజైము. మాంసకృత్తులకి ప్రోటియేజ్, గంజికీ పిండిపదార్థాలకీ అమైలేజ్, నూనెజిడ్డుకి లైపేజ్. చన్నీళ్లలోనూ చురుగ్గా పనిచేసే రకాలు రావడంతో కంపెనీలు చన్నీళ్ల డిటర్జెంట్లనే విడిగా అమ్మడం మొదలెట్టాయి. 2005లో అమెరికాలో 'టైడ్ కోల్డ్‌వాటర్' వచ్చింది. ఆ మరుసటేడు బ్రిటన్‌లో ఏరియల్ '30 డిగ్రీలకి తిప్పండి' అంటూ ప్రచారం చేసింది.

జపాన్‌వాళ్లకి ఇవేవీ చెప్పక్కర్లేదు. అక్కడ బట్టల్ని కుళాయి చన్నీళ్లతో ఉతకడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. రాత్రి స్నానాల తొట్టిలో మిగిలిన నీళ్లని చిన్న పంపుతో మెషీన్లోకి తోడుకునే ఇళ్లూ ఉన్నాయి. కొత్తగా నీళ్లు కాచే పనే లేదు!

మేలు సరే... చేటు మాటేమిటి?

వేడినీళ్లు కొన్ని మరకల్ని వదిలించకపోగా బిగిస్తాయి. గుడ్డు ఉడికితే గట్టిపడినట్టే నెత్తురు, పాలు, గుడ్డు మరకల్లోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి నూలుని పట్టుకుంటాయి. అలాంటివాటికి ముందు చన్నీళ్లే సరి.

పసుపు మరక సంగతి తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. పప్పు ఒలికిన చొక్కాకి సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది. కంగారు పడక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అయ్యేదీ ఇందుకే. డిటర్జెంటులోని క్షారం పసుపుని ఎర్రబరుస్తుంది, జాడిస్తే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. ఆ పసుపుని విరగ్గొట్టేది ఎండ. వేడినీళ్లు ఎన్ని పోసినా, కిటికీ దగ్గర ఎండలో ఒకపూట ఆరేసినంత ఫలితం ఉండదు.

రంగుల మాట కూడా చెప్పుకోవాలి. ఊరి నుంచి తెచ్చుకున్న చేనేత కుర్తా, కలంకారీ దుపట్టా వేడినీళ్లలో పడ్డాయంటే రంగు దిగిపోతుంది. దిగింది ఊరికే పోతుందా? పక్కనున్న తెల్లచొక్కాకి అంటుకుంటుంది. 2020లో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 డిగ్రీల దగ్గర 85 నిమిషాలు ఉతికిన బట్టల్నీ, 25 డిగ్రీల దగ్గర అరగంట ఉతికినవాటినీ పోల్చి చూశారు. చల్లగా, తక్కువసేపు ఉతికినవాటికి రంగు ఎక్కువకాలం నిలిచింది. వాటి నుంచి నీళ్లలోకి రాలిన సన్నటి పోగులూ తగ్గాయి. పట్టుచీరలదైతే వేరే దారి. ఎంజైములున్న డిటర్జెంటు వాటికి పనికిరాదు, ఎందుకంటే పట్టు కూడా మాంసకృత్తే. అమ్మమ్మలు వాడిన కుంకుడు రసం, చన్నీళ్లు... ఇప్పటికీ తిరుగులేనివి.

వేడి కావాల్సిన రోజులూ ఉంటాయి

అలాగని వేడి మీటని పీకిపారెయ్యమని కాదు. ఇంట్లో వాంతులు, విరేచనాలతో ఎవరైనా మంచాన పడితే ఆ దుప్పట్లకి వేడి కావాలి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలకీ, బాగా నూనెపట్టిన వంటింటి తువ్వాళ్లకీ వేడి మేలు చేస్తుంది. ఎలర్జీలు తెచ్చే దుమ్ము పురుగులు చావాలంటే కనీసం 54 డిగ్రీల వేడి ఉండాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. ఇళ్లలో నీటి హీటర్లని 49 డిగ్రీల దగ్గరే పెట్టుకోమని అమెరికా ఇంధన శాఖ సలహా. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ అని వాళ్ల లెక్క. అమెరికా టాప్‌లోడర్లు చాలావరకు నీళ్లని తాము వేడిచెయ్యవు. గోడలోంచి వచ్చే రెండు గొట్టాల్లో వేడి గొట్టం తిప్పుకుంటాయంతే. పైగా గొట్టంలో అంతవరకూ నిలిచి చల్లారిన నీళ్లే ముందుగా పడతాయి. హీటరు ఆ 49 దగ్గరే ఉన్న భవనంలో హాట్ మీట నొక్కినా దుమ్ము పురుగు చావదు! ఆ పని చేసేది ఆరబెట్టే డ్రయ్యర్ వేడి. క్రిములు చస్తాయన్న ధీమాతో రోజువారీ చొక్కాలకి వేడినీళ్లు వాడేవాళ్లు ఇది గమనించాలి.

చన్నీళ్లకీ ఓ హద్దుంది. షికాగో, మినియాపొలిస్ వంటి ఊళ్లలో జనవరిలో కుళాయి నీళ్లు గడ్డకట్టడానికి కాస్త దూరంలో ఉంటాయి. అంత చల్లని నీళ్లలో పొడి డిటర్జెంటు కరక్క బట్టలకి తెల్లగా అంటుకుంటుంది. నీళ్లు 15 డిగ్రీల కన్నా బాగా చల్లబడితే డిటర్జెంటు జోరూ తగ్గుతుంది. ఆ రెండుమూడు నెలలూ ద్రవరూప డిటర్జెంటు వాడటం, మురికి ఎక్కువుంటే గోరువెచ్చని మీట నొక్కడం తెలివైన పని. మిగతా కాలమంతా చల్లని మీట చాలు.

ధర మారితే చెయ్యి మారుతుంది

సలహాలు గోడ మీద అంటిస్తే సరిపోతుందా? కొంతవరకే. నిజంగా మార్పు తెచ్చేది ధర. నాణేల్ని నిలబెట్టి లోపలికి తోసే పాత మెషీన్లకి ఒకటే ధర తెలుసు. నాణేల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునే కొత్తవాటిలో, కార్డుతోనూ యాప్‌తోనూ నడిచేవాటిలో, నీళ్లని బట్టి ధర వేరుగా పెట్టే వీలుంది. చన్నీళ్లకి ఇంత, వేడికి ఇంకో క్వార్టర్ ఎక్కువ. అంతే! కరెంటు బిల్లు చూసి గీజర్ ఆపినట్టే ఇక్కడా ఆగి ఆలోచిస్తారు. జబ్బు దుప్పట్లున్నవాళ్లు ఆ క్వార్టర్ సంతోషంగా ఇస్తారు. అవసరం లేనివాళ్లు మిగుల్చుకుంటారు. వేడిని మొత్తంగా ఆపెయ్యడం కన్నా ఇది న్యాయం కూడా. పసిబిడ్డ ఉన్న ఇంటికీ, పెళ్లికాని కుర్రాళ్ల గదికీ ఒకే అవసరం ఉండదుగా!

ఈ మాట అద్దెకుండేవాళ్లే యజమానిని అడగొచ్చు. బిల్లు తగ్గేది ఆయనకే కాబట్టి వినే అవకాశమూ ఎక్కువే. 'వేడికి ధర పెంచండి' అని కాకుండా 'చన్నీళ్లకి ఓ క్వార్టర్ తగ్గించండి' అని అడిగితే పక్కింటివాళ్లూ సంతకం పెడతారు. అలా తగ్గిస్తే యజమానికి పోయేది పావు డాలరులో తన వాటా. మిగిలేది ఆ లోడుకి అయ్యే గ్యాసు.

ఈ లెక్కలన్నీ ఓపక్క ఉండగా, మన కుర్రాడికి ఆదివారం రాత్రి ఇంటి నుంచి ఫోనొస్తుంది.

''ఏరా నాన్నా, బట్టలు ఎలా ఉతుక్కుంటున్నావు?''

''మెషీన్లోనేనమ్మా. హాట్ వాటర్ పెట్టి.''

''వేడినీళ్లెందుకురా? మనింట్లో మెషీనుకి ఎప్పుడైనా వేడినీళ్లు పెట్టామా? అయినా నీ చొక్కాలు తెల్లగానే ఉండేవిగా!''

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. అమ్మ అడిగినదానికి జవాబు దొరకలేదతనికి. వచ్చే శనివారం మళ్లీ ఆ మూడు మీటల ముందు నిలబడినప్పుడు, బేస్‌మెంటులో ఎవరూ లేకపోయినా ఓ కేక వినపడుతుంది. 'గీజర్ ఆపావా?'

మీట నొక్కేముందు...

* రోజువారీ చొక్కాలు, ప్యాంట్లు, రంగుబట్టలకి చల్లని మీట చాలు. జాడింపు ఎప్పుడూ చన్నీళ్లతోనే. జాడించడానికి వేడి అక్కర్లేదు.

* మరక పడగానే దాని మీద కొంచెం ద్రవ డిటర్జెంటు రాసి పావుగంట వదిలెయ్యండి. వేడి చేసే పని సమయం చేస్తుంది.

* నెత్తురు, పాలు, గుడ్డు మరకలకి మొదట చన్నీళ్లే. పసుపు మరక ఉతికాక ఎండ తగిలే చోట ఆరేయండి.

* డిటర్జెంటు ఎక్కువ పోస్తే శుభ్రం ఎక్కువ కాదు. నురగ వదలక మళ్లీ జాడించాల్సి వస్తుంది. అంటే ఇంకో గుప్పెడు క్వార్టర్లు!

* మెషీను నిండుగా ఉండాలి, కుక్కినట్టు ఉండకూడదు. రెండు అర లోడ్ల కన్నా ఒక నిండు లోడు మేలు.

* పని అయ్యాక మూత తెరిచి ఉంచండి. లోపల తడి ఆరితే వాసన పట్టదు, తర్వాత వచ్చేవాళ్లు వాసన పోగొట్టాలని వేడి మీట వైపు చూడరు.